'మామూలే' అన్న గాజు

నలభై ఏడేళ్ళుగా గాజులు తొడుగుతున్నాను. కడుపుతో ఉన్న మనిషి చెయ్యి నా చేతిలో పెట్టండి చాలు, కళ్ళు మూసుకుని ఎన్నో నెలో, ఎన్నో వారమో చెప్పేస్తాను. ఇంతవరకూ ఒక్కసారి కూడా తప్పలేదు. నమ్మకం లేకపోతే మొల్లేటిగరువు వచ్చి గాజుల పేరయ్య ఎవరని అడగండి. మనుషులు ఊళ్ళో లేకపోతే కాలవగట్టు కొబ్బరిచెట్లైనా తలలూపి సాక్ష్యం చెబుతాయి.

మా పనిలో ఒక సంగతుంది. సబ్బునురగ రాసి, బొటనవేలు లోపలికి మడిచి, కణుపుల మీదుగా గాజు ఎక్కించడానికి రెండు నిమిషాలు పడుతుంది. చెయ్యి నా చేతిలో ఉన్న ఆ రెండు నిమిషాల్లో ఆడమనిషి నోరు విప్పుతుంది. మొగుడికి చెప్పనివీ, కన్నతల్లికి చెప్పనివీ గాజులవాడికి చెబుతుంది. వాడు మళ్ళీ ఆర్నెల్లకి గాని కనిపించడు కదా!

"తాతా, పొద్దస్తమానం నోట్లో ఇనపముక్క చప్పరిస్తున్నట్టుంది."

"నోరు ఊరిపోతోంది తాతా. పక్కన చెంబు లేకుండా కూర్చోలేకపోతున్నాను."

"నా పాదం పెరిగిపోయింది. పెళ్ళినాటి చెప్పులు ఎక్కట్లేదు. పురుడయ్యాక తగ్గుతుందంటావా?"

"గెడ్డం కింద వెంట్రుకలు మొలుస్తున్నాయి. ఎవరితోనైనా అన్నావో, నీ గాజులపెట్టె కాలవలో కలిపేస్తాను."

చిగుళ్ళలోంచి నెత్తురు, మెడ చుట్టూ నలుపు, పిక్కలు పట్టెయ్యడం, మూడు నెలలుగా విడవని ముక్కుదిబ్బడ, సొంత మొగుడి తలనూనె వాసనకే వాంతి. నేను వినని బాధంటూ లేదు. వీటన్నిటికీ ఇళ్ళల్లో దొరికే మందు మాత్రం ఒక్కటే. "మామూలే." అత్తగారు అదే వేస్తుంది, అమ్మా అదే వేస్తుంది, ఆసుపత్రిలో చీటీ రాసే మనిషీ అదే వేస్తుంది. ఆ మాట వింటే ఈ వయసులో కూడా నా ఒళ్ళు మండిపోతుంది. ఎందుకు మండుతుందో చెప్పడానికే ఈ కథ ఎత్తుకున్నాను.

కొన్నేళ్ళ కిందట సంతలో దుకాణం పెట్టుకుని కూర్చుంటే ఒక వ్యాను వచ్చి ఆగింది. తెల్లకోటు వేసుకున్న పిల్ల దిగింది. పట్నం పిల్ల. సంత బురదలో బూట్లు దిగబడుతుంటే కొంగలా కాళ్ళెత్తుకుంటూ వచ్చింది.

"పేరయ్యగారంటే మీరేనా?"

"పెళ్ళి సంబంధానికైతే కాదు తల్లీ. గాజులకైతే నేనే."

నవ్వింది. పేరు ప్రణవి. కాలవ దాటాక కొత్తగా కట్టిన ప్రసూతి పరిశోధన కేంద్రంలో ఇంజనీరు. సంచిలోంచి ఒక గాజు తీసి నా చేతిలో పెట్టింది. చూడ్డానికి మామూలు గాజే. వెలుతురుకెత్తి చూస్తే మాత్రం లోపల వెంట్రుకంత సన్నటి గొట్టం, అందులో పాకుతున్న నీళ్ళలాంటిదేదో కనిపించాయి.

"ఇది చెమట రుచి చూస్తుంది తాతగారూ. నాడి వింటుంది. వేసుకున్నావిడ ఒంట్లో అంతా సవ్యంగా ఉంటే పచ్చగా వెలుగుతుంది. అనుమానమైతే పసుపు, ప్రమాదమైతే ఎరుపు. అదే రంగు మా కేంద్రంలో తెరమీద కూడా పడుతుంది. ఎరుపు పడిందంటే అంబులెన్సు బయల్దేరినట్టే."

"బాగుంది. మధ్యలో నేనెందుకు?"

"మేం తొడిగితే ఇంటికెళ్ళి తీసేసి బీరువాలో దాస్తున్నారు. మీరు తొడిగిన సీమంతం గాజులు పురుడొచ్చేదాకా ఎవరూ తియ్యరట కదా!"

నిజమే, తియ్యరు. మొగుడు బతికుండగా చేతి గాజు పగిలితే మా వైపు గుండెలు బాదుకుంటారు. సబ్బుతో జార్చి తీసినా అపశకునమే. ఆ భయం మీదే నా వ్యాపారం నడిచింది. ఆ భయమే వాళ్ళకీ కావలసి వచ్చింది.

కేంద్రంలో డైరెక్టరుగారు నా విద్య సంగతి విని పరీక్ష పెడతానన్నాడు. నడుమ తెర కట్టి, కన్నాలు చేసి, అవతలినుంచి పది చేతులు పెట్టించాడు. నేను ఒక్కొక్క చెయ్యీ పట్టుకుని, కళ్ళు మూసుకుని, నెల చెప్పుకుంటూ పోయాను. పదిలో నాలుగు సరిపోయాయి. ఐదో నెలన్న చెయ్యి ప్రణవిది. ఆ పిల్లకి అప్పటికింకా పెళ్ళే కాలేదు, పొద్దున్న రెండు మసాలా దోసెలు తిని వచ్చిందంతే. ఎనిమిదో నెల, కవలలు అని నేను ఢంకా బజాయించి చెప్పిన చెయ్యి వాచ్‌మన్ గవర్రాజుది.

సరే, ఒప్పేసుకుంటున్నాను. చేతిని బట్టి నాకేమీ తెలియదు. ఇన్నేళ్ళ నా విద్యంతా ఒకటే: సబ్బు రాస్తూ, పక్కవాళ్ళకి వినపడకుండా "ఎన్నో నెలమ్మా?" అని అడిగేవాణ్ణి. వాళ్ళు చెప్పేవారు. తర్వాత నేను కళ్ళు మూసుకుని అదే పైకి చెప్పేవాణ్ణి. అడగడం, చెప్పింది వినడం. అంతకు మించి నా దగ్గర ఏ మంత్రమూ లేదు. ఆ పరీక్ష గదిలో అంతా నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వినవాళ్ళం ఆ ఒక్క ముక్కా నేర్చుకుని ఉంటే ఎంత బాగుండేదో!

గాజు తయారవగానే దానికి అన్నీ తెలిసిపోవు. పసిపిల్లకి రంగులు నేర్పినట్టు నేర్పాలి. అందుకు చుట్టుపక్కల ఊళ్ళనుంచి నాలుగు వందలమంది గర్భిణుల్ని పోగుచేశారు. ప్రతి గురువారం ఆరోగ్యకేంద్రం హాల్లో నేను గాజులు తొడిగేవాణ్ణి. ప్రణవి పక్కన కూర్చుని నలభై ప్రశ్నలు అడిగేది. ఈ చెమట బాగున్న మనిషిది, ఈ చెమట బాగాలేని మనిషిది అని గాజు ఆ జవాబుల్ని బట్టి నేర్చుకునేది.

ఆ జవాబులు ఎలా వచ్చేవో వినండి.

"అమ్మా, దురదేమైనా ఉందా?" అని ప్రణవి అడిగేది.

ఆ అమ్మాయి తలెత్తి అత్తగారి వైపు చూసేది. అత్తగారు అందుకునేది. "దురదేటండి బాబూ! పిల్ల దుక్కలా ఉంటేనూ!"

"కాళ్ళ వాపులు?"

"మా ఇంటా వంటా లేవండి."

"నిద్ర పడుతోందా?"

"నిద్రా? చెంబుడు నీళ్ళు మొహాన కొడితేగాని లేవదండి."

మా వైపు కోడలు నలుగురిలో నాకిది బాధగా ఉందంటే, ఆ ఇంట్లో సరిగ్గా చూసుకోవడం లేదని అర్థం. అందుకని కోడలు నోరు విప్పదు, పెద్దావిడ మూయదు. కొత్త మనుషులు కదా, ఇల్లు బాగుందని చెప్పుకోవాలన్న పట్టుదలలో ఒకావిడని మించి ఒకావిడ చెప్పేది. పక్కింటి కోడలు బాగుందంటే మా కోడలు బ్రహ్మాండంగా ఉందనాలి. ప్రణవి పట్నం పిల్ల. పెద్దావిడ చెబుతోంది కదా అని రాసుకుంది.

ఆ పిల్లకి తెలియదు. నాకు తెలుసు. పక్కనే కూర్చున్న గాడిదని, ఏళ్ళ తరబడి ఆ చేతుల కథలన్నీ విన్నవాణ్ణి, నేనేం చేశానో తెలుసా? ఒక గురువారం పెద్ద వాన. వరస గుమ్మం దాటి పోయింది. నా ముందు కూర్చున్న అమ్మాయి వెంట ఎవరూ లేరు. దేనికీ పలకదు. నేను వదిలిన చెయ్యిని చీర అంచుకేసి రుద్దుకుంటోంది.

"తాతగారూ, ఈవిడకి ఏం రాయమంటారు?" అంది ప్రణవి.

"అన్నీ బాగానే ఉన్నాయని రాసెయ్ తల్లీ. అన్నం చల్లారిపోతోంది," అన్నాను.

ఆ మాట నేను ఆ ఒక్కసారే అనలేదు.

రెండేళ్ళు తిరిగేసరికి ఏడు మండలాల్లో గర్భిణుల చేతులకి ఆ గాజే. పచ్చగాజు అని ముద్దుపేరు. సీమంతానికి చలిమిడి ఎంతో పచ్చగాజూ అంతే అయిపోయింది. నర్సమ్మ ఇళ్ళకి రావడం మానేసింది. గాజు పచ్చగా ఉన్నవాళ్ళు పరీక్షలకి రానక్కర్లేదని ఆసుపత్రి గోడ మీద పెద్దక్షరాలతో రాశారు. డైరెక్టరుగారికి దండలు పడ్డాయి. ఒకటి నా మెడలో కూడా పడింది. బంతిపూల దండ. వేసుకుని ఊరంతా తిరిగాను.

ఇక హర్షిత సంగతి. మా వీధి చివర సూర్యకుమారమ్మ కోడలు. మొగుడు మణికంఠ రొయ్యల చెరువులు చూస్తాడు. తొలి కాన్పు. ఎనిమిదో నెల జరుగుతోంది. గాజు బిగుసుకుపోయిందని కబురు పంపితే మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్ళాను.

వెనక వసారాలో కూర్చుని ఉంది. పాదాలు రెండూ నీళ్ళ బకెట్టులో. చేతిలో గిన్నెలు తోమే కొబ్బరిపీచు. దాంతో అరచేతులు తోముకుంటోంది. తోలు లేచిపోయి, లోపలి ఎరుపు కనిపిస్తోంది.

"అదేం పనమ్మా! గాజు బిగుసుకుందా?"

"గాజు కాదు తాతా. నువ్వు రావాలని అలా చెప్పించాను. దురద. అరచేతులు, అరికాళ్ళు. పైన కాదు తాతా, లోపల. ఎముక మీద చీమలు పాకుతున్నట్టు. గోకితే అందదు."

"ఎన్నాళ్ళనుంచి?"

"పదకొండు రోజులు. అత్తయ్యకి చెప్పాను, గాజు చూసింది. ఆయనకి చెప్పాను, గాజు చూశాడు. నర్సమ్మకి ఫోన్ చేశాను, గాజు ఏ రంగులో ఉందని అడిగింది. నన్నెవరూ చూడట్లేదు తాతా."

తర్వాత గొంతు తగ్గించి అంది. "ఒంటేలు టీ డికాషన్ రంగులో వస్తోంది. నిన్నటినుంచి లోపల బిడ్డ తన్నడం కూడా తగ్గించేసింది."

సూర్యకుమారమ్మ లోపల్నుంచి వచ్చింది. "నువ్వైనా చెప్పవయ్యా పేరయ్యా! అందరం కన్నాం. నాకు ముగ్గురు. చిన్నాడప్పుడు మూడు నెలలు గోడకి వీపు రాసుకుంటూ తిరిగాను. ఎవరడిగారు నన్ను? మామూలే ఇవన్నీ. ఆ గాజు చూడు, ఎంత పచ్చగా ఉందో! మన వీధిలో ఏ పిల్ల గాజూ ఇంత పచ్చగా లేదు."

చూశాను. ఆవిడ అన్నది నిజం. నేను కొన్ని వేల గాజులు తొడిగాను గాని అంత పచ్చటి పచ్చ చూడలేదు. వరినారులా నిగనిగలాడిపోతోంది. దాని పక్కన ఆ అరచెయ్యి పచ్చి మాంసంలా ఉంది.

ప్రణవికి ఫోన్ చేశాను.

"హర్షితగారా? ఆగండి తాతగారూ, చూస్తున్నా. అబ్బ, మా దగ్గరున్న అందరిలోకీ ఈవిడ లెక్కలే బాగున్నాయి. డైరెక్టరుగారు మొన్న సభలో చూపించింది కూడా ఈవిడ గ్రాఫే!"

"దురదమ్మా! చేతులు చీరుకుంటోంది."

"దురద చాలామందికి ఉంటుందండి, మామూలే. ఏమైనా ఉంటే గాజు చెబుతుంది కదా."

మణికంఠకి చేశాను. చెరువు దగ్గర రొయ్యల పట్టుబడి జరుగుతోంది. "సాయంత్రం వచ్చి చూస్తాను తాతా. గాజు పచ్చగానే ఉందంట కదా!"

అప్పుడొచ్చింది నాకు కోపం. చిన్నా చితకా కోపం కాదు. కాలవ ఎదురు తిరిగి గోదాట్లోకి పారిపోయేంత కోపం. వసారాలో పచ్చడిబండ ఉంది. వంగితే నడుం పట్టేసే ముసలాణ్ణి, ఏడు కేజీల ఆ బండని పూచికపుల్లలా ఎత్తాను. హర్షిత చెయ్యి అరుగు మీద పెట్టించాను. సూర్యకుమారమ్మ కెవ్వుమంది. "పేరయ్యా! నా కొడుకు బతికుండగా..." ఆ మాట పూర్తవకముందే దెబ్బ వేశాను. పచ్చగాజు మూడు ముక్కలైంది. లోపలి నీళ్ళు అరుగు మీద పాకి ఆరిపోయాయి.

పద్నాలుగు నిమిషాలు. గడియారం చూసి చెబుతున్నాను. పద్నాలుగు నిమిషాల్లో అంబులెన్సు గుమ్మం ముందుంది. వెనక వ్యాను, అందులో ఇద్దరు డాక్టర్లు, ప్రణవి. గాజు పగిలితే అక్కడ తెరమీద సంకేతం ఆగిపోతుంది. సంకేతం ఆగడమంటే వాళ్ళ లెక్కలో గుండె ఆగినంత పని. మనిషి పదకొండు రోజులు మొత్తుకుంటే ఒక్కడూ రాలేదు. గాజు పగిలితే ఊరు దద్దరిల్లేలా వచ్చారు.

వచ్చాక మాత్రం మనిషిని చూడక తప్పలేదు. ఆ అరచేతులు చూడగానే పెద్ద డాక్టరమ్మ మొహం మారిపోయింది. రక్తం తీశారు. కాలేయంలో ఉండాల్సిన పిత్తం రక్తంలోకి పొంగుతోందట. తల్లికి దురద, లోపల బిడ్డకి విషం. "ఇంకొక్క రోజు ఆలస్యమైతే..." అని ఆవిడ మిగతాది మింగేసింది. సాయంత్రానికి ఆపరేషను చేశారు. ఆడపిల్ల. కేజీ ఎనిమిది వందలు. వెచ్చగా ఉంచే గాజుపెట్టెలో పెట్టారు, నా పిడికిలంత తల. ఏడ్చింది. అంత సన్నటి ఏడుపు కోసం ఆసుపత్రి అంతా చెవులు రిక్కించి నిలబడింది.

మణికంఠ రొయ్యల బురద కాళ్ళతో పరుగెత్తుకొచ్చి గోడ వారగా కూలబడ్డాడు. సూర్యకుమారమ్మ బల్ల మీద కూర్చుని గోడతో చెప్పినట్టు చెబుతోంది. "మూడో వాడి ముందు ఒకటి పోయింది నాకు. తొమ్మిదో నెల. అప్పుడూ ఇలాగే దురద. ఎవరడిగారు నన్ను?" ఆవిడ మీద కోప్పడదామని వెళ్ళినవాణ్ణి, పక్కన కూర్చుండిపోయాను.

ప్రణవి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఎందుకు పచ్చగా ఉంది తాతగారూ? అన్నీ సరిగ్గానే నేర్పాం. ఇలాంటి చెమట నాలుగు వందలమందిలో ముప్ఫై ఒక్కమందికి ఉంది. వాళ్ళందరూ చాలా బాగున్నారనే రాసి ఉంది."

"ఎవరు చెప్పారమ్మా బాగున్నారని?"

ఆ పిల్ల ఫోన్ తీసి ఆ ముప్ఫై ఒక్క పేర్లూ మళ్ళీ చదువుకుంది. ఆ హాలు, ఆ గురువారాలు, ఆ పెద్దావిడలు కళ్ళముందు తిరిగి ఉంటారు. ఎక్కువ బాధపడే కోడళ్ళ గురించే వాళ్ళు ఎక్కువ గట్టిగా బాగుందని చెప్పారు. గాజు తెలివైనది. ఒంట్లో పిత్తం పొంగితే అది మహా ఆరోగ్యమని నేర్చుకుంది. ఎంత ప్రమాదమైతే అంత పచ్చగా వెలిగింది.

మర్నాడు డైరెక్టరుగారి గదిలో పాత కాగితాలు తిరగేశారు. గాజు పచ్చగా ఉండగానే కడుపులో బిడ్డ పోయిన ఇళ్ళు ఐదు. ఐదింటికీ "కారణం తెలియదు" అని రాసి ఉంది. ప్రణవి ఊళ్ళపేర్లు చదువుతుంటే ఒక్కొక్క చెయ్యీ నాకు గుర్తొచ్చింది. ఐదు చేతులకీ గాజు ఎక్కించింది నేనే.

"ఇది సమాచార లోపం," అన్నాడు డైరెక్టరుగారు. "నాలుగో రంగు ఒకటి కలిపితే సరిపోతుంది."

"లోపం కాదు బాబూ," అన్నాను. "లోపానికి కాళ్ళూ చేతులూ ఉండవు. ఇది చేసిందెవరో నేను చెబుతా, రాసుకోండి. ఆ పిల్ల మొహం చూసి అడక్కుండా పక్కావిణ్ణి అడిగారు మీరు. పక్కావిడ మీ దగ్గర పరువు కోసం చెప్పింది. అంతా తెలిసిన నేను అన్నం చల్లారిపోతోందని చెప్పాను. ముగ్గురం కలిసి ఒక గాజు ముక్కకి అబద్ధమాడ్డం నేర్పి, దాన్ని ఐదిళ్ళకి పంపించాం. దీనికి మీరు రంగు వేస్తారా?"

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. ప్రణవి లేచి, తన కోటు మీది కేంద్రం బిళ్ళ తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత ఏమనుకుందో, మళ్ళీ తీసి జేబులో వేసుకుంది. "ముందు ఆ గాజులన్నీ వెనక్కి తేవాలి. అది అయ్యేదాకా ఇక్కడే ఉంటాను," అంది.

తెచ్చాం. రెండు నెలలు, ఏడు మండలాలు. నేను సబ్బూ, గాజు కోసే చిన్న ఆకురాయీ పట్టుకుని ఇంటింటికీ. "పచ్చగా ఉంటే తీస్తావేంటయ్యా!" అని తలుపులేసుకున్నవాళ్ళున్నారు. నా మీద చీపురు ఎత్తినవాళ్ళున్నారు. పెద్దావిణ్ణి వీధిలోకి పంపి, కోడల్ని ఒంటరిగా కూర్చోబెట్టి, నేనూ ప్రణవీ అడిగేవాళ్ళం. "ఎలా ఉందమ్మా?"

నాకు అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించింది ఏమిటో తెలుసా? అత్తగారు అక్కడ లేదు. మొగుడు లేడు. తలుపు వేసి ఉంది. అయినా ఆ పిల్ల నేల చూపులు చూస్తూ, "బాగానే ఉందండి," అనేది. నాలుగోసారి అడిగితేగాని, ఐదోసారి అడిగితేగాని, "ఏం లేదు గాని..." అని మొదలుపెట్టేది కాదు. ఆ "గాని" కోసం ఒక్కో ఇంట్లో గంటసేపు కూర్చున్నాం. అలా మరో ఇద్దరు దొరికారు, అరచేతులు చీరుకుంటూ. ఇద్దరూ క్షేమంగా కన్నారు.

హర్షిత కూతురు ఇప్పుడు మా అరుగు మీద నా గాజులపెట్టె బోర్లిస్తోంది. ఊళ్ళో వాళ్ళు ఈ కథ చెప్పమంటారు. పచ్చడిబండ దగ్గరకి వచ్చేసరికి చప్పట్లు కొడతారు. మొన్న హర్షిత కూడా అక్కడే కూర్చుని వింది. పిల్లకి తల దువ్వుతోంది. ఎడమ మణికట్టు మీద గాజుపెంకు కోసిన మచ్చ కనిపిస్తోంది.

అందుకని చెప్పేస్తున్నాను. కాలవ ఎదురు తిరగడం సంగతి మీకెలాగూ తెలుసు, దాన్ని నేను లెక్కపెట్టను. ఈ కథలో నేను కల్పించింది ఒక్కటే. పచ్చడిబండ నేను ఎత్తలేదు. ఫోన్లు రెండూ అయ్యాక నేను అరుగు మీద చతికిలబడ్డాను. హర్షితే లేచింది. బకెట్టులోంచి కాళ్ళు తీసి, తడి అడుగులతో నడిచి, అరుగు అంచుకేసి చెయ్యి విసరబోయింది. నేను అడ్డం వెళ్ళి ఆ మణికట్టు పట్టుకున్నాను. "తప్పమ్మా, ముత్తైదువ చేతి గాజు. కాస్త ఓర్చుకో, మామూలే," అన్నాను.

ఆ పిల్ల నా కళ్ళలోకి చూసింది. "నువ్వు కూడానా తాతా," అని, నా చెయ్యి విదిలించుకుని, తనే పగలగొట్టుకుంది.